చూపు, చెయ్యి, మతి: పార్కిన్సన్స్‌కు వాడే డిజిటల్ సాధనాల్లో ఏది కొనొచ్చు, ఏది వద్దు

పార్కిన్సన్స్ (వణుకు, కదలికల్లో నెమ్మది తెచ్చే మెదడు జబ్బు) ఉన్న మనిషికి ట్యాబ్ మీద పరీక్ష పెడితే వచ్చే మార్కు ఒక్క మతిది కాదు. అందులో మూడు కలిసి ఉంటాయి: చెయ్యి ఎంత వేగంగా కదిలింది, కన్ను ఎంత స్పష్టంగా చూసింది, మనసు ఎంత త్వరగా తేల్చుకుంది. ఈ మూడింటినీ విడదీసి చూపించే సాధనానికి డబ్బు పెట్టవచ్చు. అన్నీ కలిపి ఒక్క అంకె చేతిలో పెట్టేదాన్ని, ఎంత మెరిసినా సరే, పక్కన పెట్టాలి. హనుమకొండలో ఫిజియోథెరపీ సెంటర్ నడిపేవాళ్లకైనా, ఇంట్లో నాయినకో అవ్వకో కొందామనుకునేవాళ్లకైనా ఈ సమీక్షలో కొలబద్ద ఇదే.

పార్కిన్సన్స్‌లో కన్ను అందరికీ ఆలస్యంగా గుర్తొస్తుంది. ఈ జబ్బులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనం మెదడులోనే కాదు, రెటీనాలో (కంటి వెనక పొరలో) కూడా పనిచేస్తుంది. అక్కడ తగ్గితే కాంట్రాస్ట్ (వస్తువుకూ దాని వెనకున్నదానికీ మధ్య వెలుగు తేడా) పట్టే శక్తి తగ్గుతుంది, దగ్గరి దగ్గరి రంగుల మధ్య తేడా తెలియదు. కండ్ల డాక్టరు గోడమీది నల్లటి అక్షరాలు 6/6 దాకా చదివించి చూపు బాగుందంటారు. అదే మనిషి ఇంటికొచ్చి స్టీలు కంచంలో తెల్లన్నం ఎక్కడిదాకా ఉందో తేల్చుకోలేడు, పొద్దుగూకినంక మెట్టు అంచు కనిపెట్టలేడు. రెండూ నిజమే. చార్టు కొలిచేది నలుపు తెలుపుల్ని, ఇంట్లో ఉండేది ఎక్కువగా బూడిదరంగు. దీనికి తోడు చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు కురచగా పడుతుంది, అందుకే పేపరు చదువుతూ వరుస తప్పుతారు. దగ్గరి వస్తువు మీదికి రెండు కండ్లూ కలిసి మళ్లవు కాబట్టి అక్షరం రెండుగా కనబడుతుంది. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు పడే రెప్ప బాగా తగ్గిపోయి కన్ను ఎండిపోతుంది. ఇవన్నీ మతి పరీక్ష మార్కుల్లోకి చెప్పకుండా వచ్చి చేరతాయి.

కొనకముందు ఖర్చులేని పనులు

మొదట మందుల చీటీ చూడండి. వణుకు తగ్గడానికి పాసిటేన్ లాంటి ట్రైహెక్సిఫెనిడిల్ మాత్ర రాసి ఉంటే, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, దగ్గరి చూపు మసకబారడం, మరుపు, లేనివి కనబడటం ఈ మూడూ ఆ మాత్ర వల్లే రావచ్చు. మీ అంతట మీరు ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది అవుతుంది. న్యూరో డాక్టరుకు చూపించి, తగ్గించవచ్చా అని అడగండి. ఈ పని చేయకుండా మతికి పదును పెట్టే యాప్ కొనడం దండుగ.

రెండోది మాత్ర టైము. సిండోపా లాంటి లెవోడోపా మాత్ర వేసుకున్న దాదాపు గంటకు, మందు బాగా పట్టినప్పుడు పరీక్ష పెట్టండి. మాత్ర వేసుకున్న టైము, పరీక్ష మొదలుపెట్టిన టైము రెండూ రాసుకోండి. పోయినసారి మందు పట్టినప్పుడు, ఈసారి మందు దిగినప్పుడు పరీక్షిస్తే జబ్బు ముదిరినట్టు కనబడుతుంది. నిజానికి మారింది గంట మాత్రమే. పప్పన్నం, పెరుగన్నంతో కలిపి మాత్ర వేసుకుంటే ప్రొటీన్ అడ్డుపడి మందు ఆలస్యంగా పట్టేవాళ్లు ఉంటారు. కాబట్టి పరీక్ష రోజు తిండి వేళలు కూడా ఎప్పటిలాగే ఉండాలి.

మూడోది కళ్లజోడు, శుక్లం. శుక్లం కూడా కాంట్రాస్ట్‌ను తగ్గిస్తుంది. దాన్ని పార్కిన్సన్స్ లెక్కలో రాసేస్తే, ఆపరేషన్‌తో బాగయ్యే చూపును వదిలేసినట్టే. ట్యాబ్ పెట్టేది 40 సెంటీమీటర్ల దూరంలో. ఆ దూరానికి సరిపడే ఒకే నంబర్ అద్దాలు ఉంటే మంచిది. బైఫోకల్‌తో అయితే కింది ముక్కలోంచి చూడటానికి గడ్డం ఎత్తుతారు, మెడ బిగిసిన మనిషికి అది కష్టం. నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు కూడా బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగంలోంచి నేల మసకగా కనబడుతుంది.

రెండుగా కనబడుతోందని చెబితే ఒక కన్ను మూసి చూడమనండి. ఒక కన్ను మూయగానే ఒకటే కనబడితే రెండు కండ్ల పొత్తు చెడినట్టు. దానికి ప్రిజం అద్దాలు, రెండు కండ్లనూ దగ్గరి వస్తువు మీదికి కలిపే కన్వర్జెన్స్ ఎక్సర్‌సైజులు ఉన్నాయి. మూసినా రెండుగానే కనబడితే కన్ను ఎండటమో, శుక్లమో, అద్దాల నంబరో చూడాలి. ఇంత సులువైన తేడాను యాప్‌లు అడగకపోతే బాధగా ఉంటుంది.

చూపు కొలిచే యాప్‌లు

పీక్ అక్యుటీ బాగుంది. లండన్ పరిశోధకుల బృందం తయారుచేసి కెన్యా ఊళ్లలో పరీక్షించిన ఆండ్రాయిడ్ యాప్ ఇది, 2015లో ఫలితాలు వచ్చాయి. 2 మీటర్ల దూరం నుంచి ఇంగ్లిష్ 'E' అక్షరం ఎటు తిరిగి ఉందో మనిషి చేత్తో చూపిస్తాడు, ఫోన్ పట్టుకున్నవాళ్లు అటు స్వైప్ చేస్తారు. చదువు రాకున్నా ఫరవాలేదు. అంతకంటే ముఖ్యం, స్క్రీన్‌ను తాకేది పరీక్షించేవాళ్లు కాబట్టి వణుకు, నెమ్మది ఫలితంలోకి రావు. చేతిని ఇంత శుభ్రంగా తప్పించిన సాధనాలు తక్కువ. జవాబుకు తొందరపెట్టకండి, పార్కిన్సన్స్ మనిషి చెయ్యి లేవడానికే టైము పడుతుంది. అయితే ఇది కొలిచేది నల్లటి అక్షరం చూసే చూపునే, కాంట్రాస్ట్‌ను కాదు.

కాంట్రాస్ట్‌కు ఇప్పటికీ ప్రమాణం 1988 నాటి పెల్లీ రాబ్సన్ చార్టు. 1 మీటరు దూరం నుంచి ఒకే సైజు అక్షరాలు మూడేసి చొప్పున పలచబడుతూ పోతాయి, ఒక్కో మూడింటికీ కాంట్రాస్ట్ 0.15 లాగ్ యూనిట్లు (అంటే దాదాపు 30 శాతం) తగ్గుతుంది. 1.65 మార్కు అంటే దాదాపు 2.2 శాతం కాంట్రాస్ట్ ఉన్న అక్షరాన్ని పట్టారన్నమాట. ఫోన్‌లో ఇదే పని చేస్తామనే యాప్‌లతో చిక్కు ఎక్కడంటే, మామూలు స్క్రీన్‌లో బూడిదరంగు మెట్లు 256 మాత్రమే. తెలుపు దగ్గర ఒక్క మెట్టు దిగితేనే దాదాపు 0.9 శాతం తేడా వస్తుంది, రెండు మెట్లకు 1.7. అంటే మంచి చూపున్నవాళ్ల దగ్గర యాప్‌కు సన్నటి కొలత ఉండదు. పార్కిన్సన్స్‌లో బాగా తగ్గిన కాంట్రాస్ట్‌ను పట్టడానికి ఫోన్ చాలు, ఆరు నెలల్లో వచ్చిన చిన్న మార్పు చెప్పడానికి చాలదు. దానికి అచ్చు చార్టే నమ్మకం. ఫోన్‌తోనే చేయాల్సి వస్తే ఆటో బ్రైట్‌నెస్, ఐ కంఫర్ట్, డార్క్ మోడ్ అన్నీ ఆపేసి, బ్రైట్‌నెస్ ఒకే చోట పెట్టి, కిటికీ వెలుగు స్క్రీన్ మీద పడకుండా కూర్చోబెట్టండి. చార్టుకైనా ఫోన్‌కైనా ముందు ఒక చుక్క కృత్రిమ కన్నీళ్ల మందు వేసి, కొన్నిసార్లు రెప్పలు వేయించాలి. ఎండిన కన్ను మొదటి వరుసలు బాగా చదివి, పోనుపోను మసకబారుతుంది.

లండన్‌లోని యూసీఎల్ విశ్వవిద్యాలయంలో తయారైన పిల్లులు, కుక్కల పరీక్ష గురించి ఒక మాట. బొమ్మను పక్కకు సాగదీసి, అది పిల్లా కుక్కా అని అడుగుతారు. అక్షరాలు బాగానే చదివే పార్కిన్సన్స్ మనుషులు ఇక్కడ తడబడటం పరిశోధనలో తేలింది. అంటే కంటి తర్వాత, మెదడు బొమ్మను సరిదిద్దుకునే దశలో లోటు. ఇది ఇంకా పరిశోధన సాధనమే, మార్కు చూసి వైద్యం మార్చేది కాదు. కానీ వెనకున్న ఆలోచన గట్టిది: జవాబు చిన్నది, బొమ్మ పెద్దది, చేతి వేగంతో పనిలేదు.

మతి పరీక్షలు

డాక్టర్లు ఎక్కువగా వాడే మోకా (MoCA) అనే మతి పరీక్ష 30 మార్కులకు, 10 నిమిషాల్లో అయిపోతుంది. 26 వస్తే సరే అంటారు, 12 ఏండ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవాళ్లకు 1 మార్కు కలుపుతారు. మన దగ్గర మూడో తరగతితో ఆగినవాళ్లకు, బడి మొహం చూడనివాళ్లకు ఆ ఒక్క మార్కు ఏ మూలకూ రాదు. ఘనం బొమ్మ చూసి గీయడం, గడియారం వేయడం, వందలోంచి ఏడేడు తీసేయడం, ఇవి బడి నేర్పిన పనులు. తక్కువ చదువున్నవాళ్ల కోసం మోకా బేసిక్ వేరే ఉంది. తెలుగువాళ్లకు ఇంకా పనికొచ్చేది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే మతి పరీక్షల కట్ట. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో మన దేశపు చదువు తేడాలను లెక్కలో పెట్టుకుని కట్టింది. వంద మార్కుల ఏసీఈ 3 (ACE-III) అనే మతి పరీక్ష కూడా తెలుగులో ఉంది. ఫోన్‌లో ఊరికే దొరికే మోకా నకళ్ల జోలికి పోవద్దు. అసలు మోకాను పెట్టాలంటే శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలి, నకళ్లలో మార్కులు వేసే పద్ధతి కూడా తప్పుతుంది.

ట్యాబ్ మీద ట్రెయిల్ మేకింగ్ పరీక్షే మన కొలబద్దకు అసలు ఉదాహరణ. 'A' భాగంలో 1 నుంచి 25 దాకా అంకెలు వరుసగా గీతతో కలపాలి, 'B' భాగంలో అంకె, అక్షరం, మళ్లీ అంకె. చెయ్యి నెమ్మది రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి 'B' టైములోంచి 'A' టైము తీసేస్తే మిగిలేదాంట్లో మనసు వంతు ఎక్కువ. ఈ రెండు టైములూ విడిగా చూపించని యాప్ వద్దు. 'B' భాగంలో ఇంగ్లిష్ అక్షరాలే ఉంటే అదీ వద్దు, ఏబీసీడీలు గుర్తుచేసుకునే టైము మతిమరుపుగా లెక్కలోకి పోతుంది. తప్పులు ఎక్కడ వస్తాయంటే, అరచెయ్యి స్క్రీన్‌కు ఆనితే గీత తెగుతుంది, వణుకుతో ఒకే చోట రెండు తాకులు పడతాయి, ఎండిన వేలికొసను స్క్రీన్ గుర్తించదు, వేలు కిందున్న అంకె కనబడదు. ఫోమ్ చుట్టి లావు చేసిన స్టైలస్ (స్క్రీన్ మీద గీసే కలం) ఇవ్వండి. ట్యాబ్ కింద జారని మ్యాట్ వేసి, ముందుకు కొంచెం వాలుగా పెట్టండి. 10 అంగుళాల స్క్రీన్ కంటే చిన్నది వద్దు. శాంసంగ్ ట్యాబుల్లో యాక్సెసిబిలిటీ కింద ఇంటరాక్షన్ అండ్ డెక్స్‌టెరిటీలో ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్, ట్యాప్ డ్యూరేషన్ ఉంటాయి. వణుకుకు అవి బాగా సాయపడతాయి. కానీ ఆ సెట్టింగులు మారితే టైము కూడా మారుతుంది, అందుకే మొదటిసారి పెట్టినవే ప్రతిసారీ పెట్టాలి.

గడియారం బొమ్మకు డీసీటీక్లాక్ అనే అమెరికా సాధనం కలం కదలికను, ఆగిన క్షణాలను విడివిడిగా లెక్కకట్టి, చేతి పని, ఆలోచించే వేగం, స్థలజ్ఞానం వేర్వేరుగా చూపిస్తుంది. పద్ధతి సరైనదే. మన దగ్గర దాన్ని తెప్పించుకోవాల్సిన పని లేదు. తెల్ల కాగితం, లావుపాటి నల్ల స్కెచ్ పెన్ను, పైనుంచి వీడియో తీసే ఫోన్ ఉంటే సగం పైన సమాచారం దొరుకుతుంది. మొదట 11 గంటల 10 నిమిషాలు చూపించే గడియారం గీయమనండి, తర్వాత గీసిన బొమ్మ చూపించి అలాగే దింపమనండి. చూసి దింపడం కూడా చెడిపోతే చూపు, స్థలజ్ఞానం మీద అనుమానం. చూస్తే బాగా వచ్చి, సొంతంగా గీసినప్పుడే చెడితే ప్రణాళిక, జ్ఞాపకం మీద. వీడియోలో కలం ఎక్కడ ఎన్ని సెకన్లు ఆగిందో చూసి రాసుకోండి.

ఐ ట్రాకర్: సెంటర్లకు కూడా ఆలోచించి కొనాల్సింది

కన్ను ఎటు కదిలిందో కెమెరాతో పట్టే సాధనం ఇది. అమ్మేవాళ్లు ఎక్కువగా చూపించేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. చూపు ఒక్కసారి దూకడానికి 30 నుంచి 80 మిల్లీసెకన్లు పడుతుంది. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫొటోల) ట్రాకర్ ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక ఫొటో తీస్తుంది, అంటే ఒక్క దూకుడులో 2 నుంచి 4 చుక్కలు. ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్ సెకనుకు 30 ఫ్రేములతో అయితే ఒకటో రెండో. ఇన్ని తక్కువ చుక్కలతో దూకుడు వేగం ఎంత అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. చదివేటప్పుడు వరుస తప్పుతున్నారా, బొమ్మలో ఎటు వైపు చూడటం లేదు అన్నవాటికి 60 హెర్ట్జ్ సరిపోతుంది. వేగం కొలవాలంటే కనీసం 250 హెర్ట్జ్ పైన ఉండాలి, ఆ ధర లక్షల్లో ఉంటుంది.

పార్కిన్సన్స్‌లో ట్రాకర్ తప్పే చోట్లు వేరు. వాలిన పై రెప్ప కంటిపాపను సగం కప్పేస్తుంది. మందు ఎక్కువైనప్పుడు తల ఊగుతుంది. ఎండిన కన్ను మీద వెలుగు మెరుపు చెదిరిపోతుంది. ట్రాకర్‌ను ఆ మనిషి కంటికి సరిచేసుకునే 9 చుక్కల క్యాలిబ్రేషన్ పదేపదే ఫెయిలవుతుంటే 5 చుక్కలకు తగ్గించి, తలకు, గడ్డానికి ఆసరా ఇచ్చి చూడండి. అయినా కుదరకపోతే ఆ రోజు రికార్డు వాడొద్దు. కొందరు ఖాళీలను సాఫ్ట్‌వేర్‌తో నింపి రిపోర్టు ఇస్తారు, అది రోగికి అన్యాయం.

ఒకటి మాత్రం ట్రాకర్ లేకుండానే చూడాలి. కిందికి, పైకి చూపు తిప్పడం బాగా నెమ్మదైతే, జబ్బు మొదలైన తొలి ఏండ్లలోనే మనిషి తరచూ వెనక్కి పడుతుంటే అది పార్కిన్సన్స్ కాకుండా పీఎస్‌పీ అనే వేరే జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా న్యూరో డాక్టరు దగ్గరికి పంపాలి.

రిహాబ్ సాధనాలు

స్ట్రోబ్ కళ్లద్దాల మీద ఆసక్తి పెరిగింది. సెనాప్టెక్ కంపెనీ వాటిల్లో అద్దం ఒక క్షణం తేటగా, ఒక క్షణం మూసుకుపోయినట్టు మారుతూ ఉంటుంది, ఫోన్ నుంచి లెవెల్ పెంచుకోవచ్చు. లెవెల్ పెరిగేకొద్దీ మూసి ఉండే టైము పెరుగుతుంది. దొరికిన కొద్ది చూపుతోనే బంతి పట్టడం, అడుగు వేయడం చేయాలి కాబట్టి చూపు, ధ్యాస కలిసి పనిచేస్తాయని దీని వెనకున్న తర్కం. ఇంగ్లండ్‌లో పార్కిన్సన్స్‌కు దీన్ని పరిశీలించారు. ఆధారాలు ఇంకా చిన్నస్థాయివే. ఇంట్లో వాడటానికి మాత్రం వద్దనే మా తీర్పు. మూర్ఛ వచ్చినవాళ్లకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు అసలే వద్దు. సెంటర్లో వాడినా కూర్చోబెట్టి, అన్నిటికంటే తక్కువ లెవెల్‌తో, ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి. నిలబెట్టేది తర్వాత, నడుముకు బెల్టు కట్టి పక్కన ఒక మనిషి ఉన్నప్పుడే.

తలకు తొడిగి కండ్ల ముందు బొమ్మల లోకం చూపించే వీఆర్ హెడ్‌సెట్ అర కిలో బరువు. ముందుకు వంగిన మెడకు అదే పెద్ద భారం. లేచి నిలబడితే బీపీ పడిపోయే వాళ్లకు నిలబెట్టి పెట్టొద్దు. ఇంట్లో ఎవరో ఉన్నట్టు, పక్కనుంచి ఏదో పోయినట్టు అనిపిస్తోందా అని ముందు మెల్లగా అడగండి. చాలామంది పిచ్చి అనుకుంటారని దాచుకుంటారు. అవునంటే వీఆర్ వద్దు. డీబీఎస్ (మెదడులో సన్నటి కరెంటు తీగలు అమర్చే) ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా పెట్టుకోవద్దు.

మతికి పదును పెట్టే ఆటల యాప్‌ల విషయంలో ప్రకటనలు నమ్మడం కష్టం. ల్యుమోసిటీ యాప్ కంపెనీ తప్పుదారి పట్టించే ప్రకటనల కేసులో 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పార్కిన్సన్స్‌లో మతి మందగించినవాళ్ల మీద జరిగిన 7 అధ్యయనాలను, 225 మందిని కలిపి చూసిన 2020 కోక్రేన్ (వైద్య ఆధారాలను తూచే సంస్థ) సమీక్షలో గట్టి లాభం కనబడలేదు. బ్రెయిన్‌హెచ్‌క్యూ యాప్ తరహా చూపు వేగం అభ్యాసాలు అదే తరహా పరీక్షలో మార్కు పెంచుతాయి. ఆ లాభం రోడ్డు దాటడంలో, వంటింట్లో కనబడిందా అన్నదే చూడాలి. సూచనలు ఇంగ్లిష్‌లో ఉంటే పక్కన కూర్చున్న కొడుకో కోడలో ఆడినట్టే అవుతుంది. వామనగుంటలైనా అష్టాచమ్మా అయినా తెల్లటి పలక మీద నల్లటి గింజలతో ఆడిస్తే లెక్క, చూపు, చెయ్యి మూడూ కదులుతాయి. అది వైద్యమని అనడం లేదు, కానీ ఎదురుగా మనిషి ఉంటాడు.

నడక దగ్గర మాత్రం చూపు సాధనాలు వెంటనే పనిచేస్తాయి. గడప దగ్గర, మలుపు దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగేవాళ్లకు అడ్డగీత చూపిస్తే అడుగు పడుతుంది. బ్రిటిష్ న్యూరాలజిస్టు పర్డన్ మార్టిన్ 1967లోనే దీన్ని రాశారు. లేజర్ కర్ర చేసేది అదే పని. ఎరుపు కంటే ఆకుపచ్చ లేజర్ బాగా కనబడుతుంది. మే నెల వరంగల్ ఎండలో ఏదీ కనబడదు, మెరిసే టైల్స్ మీద గీత చెదురుతుంది. ఇంట్లోకి లేజర్ కొనకముందు ముదురు రంగు టేపు అంటించి చూడండి. 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పు, ఆ మనిషి అడుగంత ఎడం, సుమారు 40 నుంచి 50 సెంటీమీటర్లు, నడిచే దారికి అడ్డంగా. నిలువు గీతలు పనిచేయవు. మలుపు దగ్గర విసనకర్ర ఆకారంలో అంటించాలి, అక్కడే ఎక్కువగా పడిపోతారు. పాత ఇండ్లలో షాబాద్ బండల అతుకులు ఇప్పటికే అడ్డగీతలుగా ఉంటాయి. వాటి మీద తెల్ల టైల్స్ వేయించే ముందు ఒకసారి ఆలోచించండి. గడపకు పసుపు రంగు వేసే అలవాటున్న ఇండ్లలో కాంట్రాస్ట్ దానంతట అదే దొరుకుతుంది, మెట్ల అంచులకు కూడా అలాగే వేయించండి.

ఎవరికి ఏది

ఇంటికైతే: న్యూరో డాక్టరు చీటీ, కండ్ల పరీక్ష, టేపు చుట్ట, కృత్రిమ కన్నీళ్లు, పీక్ అక్యుటీ. ఇంతకంటే మొదట ఏమీ వద్దు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో కండ్ల ఆస్పత్రికి పోయినప్పుడు కాంట్రాస్ట్ చార్టుతో, దగ్గరి చూపు కలయికతో పరీక్షించమని నోటితో అడగండి. అడగకపోతే అద్దాల నంబర్‌తో ఆగిపోయే అవకాశం ఎక్కువ. కాగితం మీద మాత్రల పేర్లు, వేసుకునే టైములు, రెండుగా కనబడే దూరం, పడిపోయిన చోట్లు రాసి తీసుకుపోండి.

సెంటర్‌కైతే: 20 వేల రూపాయల లోపు 10 అంగుళాల ట్యాబ్, అచ్చు పెల్లీ రాబ్సన్ చార్టు, తెలుగులో శిక్షణ పొందిన మనిషి. ఐ ట్రాకర్, స్ట్రోబ్ అద్దాలు ఆ తర్వాతి మాట. డెమోకు వచ్చిన కంపెనీ మనిషిని మూడు అడగండి: ఒక్కో అంకె వెనక విడి టైములు బయటికి తీసుకోవచ్చా, సూచనలు తెలుగులో వినిపిస్తాయా, పాడైతే బాగుచేసేది హైదరాబాద్‌లోనా బయటి దేశంలోనా. నెట్ లేకుంటే ఆగిపోయే యాప్ ములుగు, ఆసిఫాబాద్ ఊళ్లకు తీసుకుపోతే పనికిరాదు. డబ్బు కట్టకముందే ట్యాబ్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒక పరీక్షను మొదటి నుంచి రిపోర్టు దాకా నడిపించి చూపించమనండి.